విస్తరిస్తున్న పట్టణానికి మురుగునీటి వ్యవస్థ: పని ఏ వరుసలో సాగాలి?

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పరిసరాల్లో ఒకప్పటి పొలాల్లో నేడు బహుళ అంతస్తుల భవనాలు నిలిచాయి గానీ, వాటి మురుగు చాలాచోట్ల వాననీటి నాలాల గుండా చెరువుల్లోకే చేరుతోంది. ఈ లోటును పూడ్చడానికి 2021లో రూ.3,866 కోట్లతో 31 మురుగుశుద్ధి కేంద్రాలు మంజూరయ్యాయి. వాటి మొత్తం సామర్థ్యం రోజుకు 1,259.5 మిలియన్ లీటర్లు. ఇలాంటి పనికి పూనుకునే పురపాలక ఇంజనీర్లు ముందుగా ఆలోచించవలసింది శుద్ధి కేంద్రం గురించి కాదు, అక్కడికి మురుగు ఏ దారిన చేరుతుందన్నదాని గురించి.

మొదట సర్వే చేయించాలి. కొన్ని వారాలుగా వాన లేని ఎండాకాలంలో నాలాలో పారేది దాదాపు అంతా మురుగే కాబట్టి, ఆ రోజుల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి వరకు గంటగంటకూ ప్రవాహాన్ని కొలిస్తే కాగితపు లెక్కలకు అందని నిజం తెలుస్తుంది. పాత మ్యాన్‌హోళ్ల లోతులను, పైపుల అడుగు మట్టాలను కూడా అప్పుడే నమోదు చేయాలి. పాత పటాలను నమ్ముకొని డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) రాస్తే తవ్వకం మొదలయ్యాక చిక్కులు తప్పవు.

లెక్క కష్టమేమీ కాదు. తలసరి రోజుకు 135 లీటర్ల సరఫరాలో 80 శాతం మురుగుగా మారుతుందనుకుంటే, లక్ష జనాభాకు రోజుకు 10.8 మిలియన్ లీటర్లు వస్తాయి. ఆ స్థాయి పట్టణానికి గరిష్ఠ ప్రవాహ గుణకం (రద్దీ వేళల ప్రవాహం సగటుకు ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య) 2.25 కనుక, పైపులు రోజుకు 24.3 మిలియన్ లీటర్ల చొప్పున వచ్చే ప్రవాహాన్ని తట్టుకోవాలి. అయితే బోర్ల నీరు, ట్యాంకర్ల నీరు సరఫరా లెక్కల్లో కనిపించకపోయినా చివరికి అదే పైపులోకి వస్తాయి. కొత్త కాలనీల్లో అంచనాలు తప్పేది ఎక్కువగా ఇక్కడే.

పరీవాహక ప్రాంతాలను వార్డుల సరిహద్దులను బట్టి విభజించకూడదు. తెలంగాణలో గొలుసుకట్టు చెరువులు నేల వాలును ఏనాడో చూపించాయి. ఒక చెరువు అలుగు నీరు కింది చెరువుకు చేరే దారినే ట్రంక్ లైను (వీధి పైపుల మురుగునంతా మోసే ప్రధాన పైపు) కూడా అనుసరిస్తే పంపింగ్ ఖర్చు చాలావరకు తప్పుతుంది.

అసలు చిక్కు పైపు పరిమాణం దగ్గర వస్తుంది. పైపులను 30 ఏళ్ల భవిష్యత్తుకు రూపొందిస్తాం, కానీ తొలి ఏళ్లలో ఇళ్లు కొన్నే ఉంటాయి. ప్రవాహ వేగం సెకనుకు 0.6 మీటర్లకు తగ్గితే ఇసుక, మడ్డి అడుగున పేరుకుంటాయి. నిలిచిన మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పైపు పైభాగంలో ఆమ్లంగా మారి కాంక్రీటును తినేస్తుంది. అందుచేత భారీ పైపు వేసి ఊరుకోకుండా, తొలినాటి గరిష్ఠ ప్రవాహానికి కూడా ఆ వేగం వచ్చేలా వాలు ఇవ్వాలి.

శుద్ధి కేంద్రానికి స్థలాన్ని మాత్రం భవిష్యత్ అవసరమంతటికీ ఇప్పుడే సేకరించాలి, ఎందుకంటే పదేళ్ల తర్వాత ఆ ధరకు దొరకదు. యంత్రాలను విడతలుగా అమర్చవచ్చు, వాటి ఆయుష్షు ఎలాగూ 15 ఏళ్లే. మురుగును నింపడం, గాలి ఊదడం, తేర్చడం, పైనీటిని వదలడం ఒకే తొట్టిలో జరిగే ఎస్‌బీఆర్ పద్ధతికి స్థలం తక్కువ చాలు; అయితే నిరంతర విద్యుత్తు, నిపుణులైన సిబ్బంది అవసరం. ఆ ఖర్చు మోయలేని చిన్న పట్టణానికి, భూమి ఉంటే, శుద్ధి కుంటలే మేలని నా అభిప్రాయం.

లైను చేరని కాలనీలను అంతవరకు గాలికొదిలేయకూడదు. రెండు మూడేళ్లకోసారి సెప్టిక్ ట్యాంకులను ఖాళీ చేయించి, ఆ వ్యర్థాన్ని ప్రత్యేక శుద్ధి కేంద్రానికే చేర్చాలి. పైపులను శుభ్రపరిచే పనికి జెట్టింగ్ యంత్రాలను (అధిక పీడనంతో నీటిని చిమ్మి పూడికను తొలగించేవి) ప్రాజెక్టు అంచనాలోనే చేర్చాలి. రక్షణ సాధనాలు లేకుండా మనుషులను మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం.

ఇంటి కనెక్షన్లను యజమానుల ఇష్టానికి వదిలితే ఏళ్లు పడుతుంది. వీధి లైను కాంట్రాక్టులోనే ఇంటి గేటు దాకా పైపును, తనిఖీ గుంతను చేర్చి, ఆ వీధిలోని కనెక్షన్లు పూర్తయ్యాకే రోడ్డు పునరుద్ధరణ బిల్లును చెల్లించాలి.