నార్వే ముత్తాత దొరకడం లేదా? ముందు ఆ ఇంటిపేరు పక్కన పెట్టండి

మా మిన్నెసోటాలో తెలుగు ఇళ్లకు నార్వే మూలాలున్న కోడళ్లు, అల్లుళ్లు వస్తున్నారు. మనవడు పుట్టగానే రెండు వైపులా వంశవృక్షం గీయాలని తాతయ్యలకు ఆశ పుడుతుంది. రెండో వైపు గీత సాధారణంగా ఓడ దిగిన ముత్తాత దగ్గర ఆగిపోతుంది. అలా ఆగిపోయినవాళ్లు నా దగ్గరికి తెచ్చే చిక్కులు కొత్తవేమీ కావు.

"మరణ రికార్డు దొరకలేదు"

మిన్నెసోటాలో రాష్ట్రమంతటికీ కలిపి మరణాల నమోదు 1908లో మొదలైంది, పక్కనున్న విస్కాన్సిన్‌లో 1907లో. 1890ల్లో పోయిన మనిషి కోసం రాష్ట్ర సూచికలో ఎంత వెతికినా లాభం లేదు. కౌంటీ రిజిస్టరు తీయించండి. దానికంటే ముందు, ఆయన వెళ్లిన నార్వేజియన్ లూథరన్ చర్చి పుస్తకం చూడండి. ఈ పని చేసి వచ్చేవాళ్లు చాలా అరుదు. మరణ పత్రంలో వివరాలు చెప్పింది అమెరికాలో పుట్టిన కొడుకో కూతురో అయి ఉంటారు. తండ్రి పోయిన తేదీ వాళ్లకు తెలుసు. ఆయన పుట్టిన ఊరు అడిగితే "నార్వే" అని ఊరుకుంటారు. పాస్టరు చాలాచోట్ల పుట్టిన తేదీ, నార్వేలోని పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) పేరు కూడా రాసి పెట్టాడు. పారిష్ పేరు చేతిలో లేకుండా నార్వే రికార్డుల్లోకి దిగితే నెలలు గడిచిపోతాయి.

"ఆ ఇంటిపేరుతో నార్వేలో ఎవరూ పుట్టలేదు"

అసలు తంటా ఇక్కడే. మన ఇంటిపేర్లలో చాలా వాటిలో ఊరి పేరే ఉంటుంది. ఆ ఊరు వదిలి నాలుగు తరాలైనా ఇంటిపేరు మనల్ని వదలదు. నార్వే పేరునూ అదే అలవాటుతో చదివేస్తాం. 1923 నాటి పేర్ల చట్టం వచ్చేదాకా అక్కడి పల్లెల్లో మనిషి పేరుకు మూడు ముక్కలుండేవి: సొంత పేరు, తండ్రి పేరు, ఉంటున్న కమతం పేరు. పెడర్ కొడుకు ఓలే అయితే ఓలే పెడర్‌సెన్. ఆ ఓలే కొడుకు ఓల్సెన్, కూతురు ఓల్స్‌డాటర్. వాటి వెనక తగిలించే హౌగెన్, బాకెన్, మోయెన్ లాంటివి చిరునామాలు. కమతం మారితే ఆ ముక్క మారిపోతుంది. ఇల్లరికం వెళ్లిన అల్లుడు భార్య కమతం పేరుతో నమోదవుతాడు. హుస్మాన్ కుటుంబాలు, అంటే సొంత భూమి లేక ఒకరి కమతం అంచున గుడిసె వేసుకుని వాళ్ల పని చేసేవాళ్లు, చోటు మారినప్పుడల్లా పేరూ మారేది. ఒకే తల్లి ముగ్గురు బిడ్డల బాప్టిజం మూడు కమతాల పేర్లతో కనిపించవచ్చు.

కాబట్టి అమెరికా సమాధి రాయి మీది ఇంటిపేరు చాలాసార్లు ఆయన నార్వేలో చివర ఉన్న చోటు పేరు. పుట్టింది ఎక్కడో ఆ రాయి చెప్పదు.

దీనివల్ల నేను గట్టిగా దెబ్బతిన్నాను. రాయి మీద బాకెన్ అని ఉంది, పుట్టిన ఏడు కూడా ఉంది. ఆ పారిష్‌లో బాకెన్ అనే కమతంలో అదే ఏడు, అదే పేరుతో, అదే తండ్రి పేరుతో ఒక బాబుకు బాప్టిజం జరిగింది. ఇంకేం కావాలనుకుని పైకి నాలుగు తరాలు కట్టేశాను. ఆ కుటుంబం దాన్ని ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకుంది. కొన్ని నెలల తర్వాత ఇంకొకరి కోసం అదే పుస్తకంలో ఖననాల పేజీలు తిప్పుతుంటే ఆ బాబు రెండో ఏటనే పోయాడని కనిపించింది. మన మనిషి పక్క పారిష్‌లో వేరే కమతంలో పుట్టాడు. తండ్రి పోయాక తల్లి బాకెన్‌లో మారుమనువు చేసుకుంటే తొమ్మిదేళ్ల పిల్లాడిగా అక్కడికొచ్చాడు. గోడ మీద ఉన్నది పరాయివాళ్ల వంశమని ఆ ఇంటివాళ్లకు చెప్పాల్సి వచ్చింది.

అందుకని చివరి నుంచి వెనక్కి రండి. వలస వెళ్లేవాళ్ల పోలీసు రిజిస్టర్లు క్రిస్టియానియాలో, అంటే నేటి ఓస్లోలో, 1867 నుంచి, బెర్గెన్‌లో 1874 నుంచి ఉన్నాయి. వాటిలో చివరి నివాసం దొరుకుతుంది. అక్కడి చర్చి పుస్తకంలో కన్ఫర్మేషన్ (బాప్టిజం పొందిన పిల్లలు ఎదిగాక విశ్వాసాన్ని ధ్రువపరిచే చర్చి వేడుక) పట్టీ చూడండి. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లాడి పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు అందులో మామూలుగా ఉంటాయి. 1865 జనాభా లెక్కలో వయసు, పుట్టిన పారిష్ ఉంటాయి. బాప్టిజం పేజీ వీటన్నిటి తర్వాత.

ఇవి నార్వే జాతీయ ఆర్కైవ్స్ వెబ్‌సైటు డిజిటల్‌ఆర్కివెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. వెతికేటప్పుడు కమతం పేరు గడి ఖాళీగా ఉంచండి. సొంత పేరు, తండ్రి పేరులో మొదటి అక్షరాలు పెట్టి పక్కన నక్షత్రం గుర్తు, పుట్టిన ఏటికి అటూ ఇటూ రెండేళ్లు చాలు. ఓలే, ఓలా ఒకటే. పెడర్, పేర్ ఒకటే.

"దొరికాడు"

దొరికాక కూడా రెండు చూడాలి. ఆ తేదీ నుంచి పదిహేనేళ్ల ఖననాలు ఒకటి. ఆయన ఓడెక్కిన తర్వాత తీసిన నార్వే లెక్కలు రెండోది: 1875, 1891, 1900, 1910. అదే తేదీన పుట్టినవాడు 1900లో భార్యాపిల్లలతో నార్వేలోనే కనిపిస్తే, మీరు పట్టుకున్నది వేరే మనిషిని. బిడ్డ పోతే తర్వాతి బిడ్డకు అదే పేరు పెట్టడం అక్కడి ఆనవాయితీ. మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు. తాతలిద్దరూ ఓలేలైతే, ఒకే ఇంట్లో ఇద్దరు ఓలేలు బతికే ఉండొచ్చు. తేదీ ఒక్కటే వాళ్లను విడదీస్తుంది.

తేదీల సంగతి: నార్వేవాళ్లు మనలాగే రోజు ముందు రాస్తారు, అమెరికా గుమాస్తా నెల ముందు రాస్తాడు. పాత పుస్తకంలో 7 అంకె పక్కన బీఆర్ అని ఉంటే అది సెప్టెంబరు, జులై కాదు. ఆడవాళ్లు నార్వే పుస్తకాల్లో పెళ్లయినా తండ్రి పేరుతోనే ఉంటారు. అమెరికాలో వాడిన భర్త ఇంటిపేరుతో అక్కడ వెతకొద్దు.

న్యూయార్క్ ఓడ జాబితాలో లేకపోతే కంగారు పడకండి. 1850 తర్వాత చాలా నార్వే ఓడలు క్విబెక్‌లో దిగాయి, అక్కడి జాబితాలు 1865 నుంచే మిగిలాయి. చర్చి పుస్తకం కాలిపోయిందేమో అని చాలామంది అడుగుతారు. అలా జరిగినవి ఉన్నాయి, కానీ అరుదు. ముందు పక్క పారిష్ పుస్తకం తిప్పి చూడండి.