కోనసీమ ఇంట్లో తొలి పగడాల ట్యాంకు

రొయ్యల చెరువు చేసిన ఇంట్లో పగడాల ట్యాంకు, అంటే బతికున్న పగడాలను పెంచే ఉప్పునీటి గాజు తొట్టి, పెట్టుకోవాలని అనుకునేవారికి సగం చదువు ముందే వచ్చి ఉంటుంది. సెలినిటీ (ఉప్పదనం), పీహెచ్, ఆల్కలినిటీ (క్షారగుణం), అమ్మోనియా, నైట్రైట్ అన్న మాటలు భీమవరం నుంచి అమలాపురం దాకా టీ కొట్టు దగ్గర కూడా వినిపిస్తాయి. మిగిలిన సగం మాత్రం చెరువు చదువుకు ఎదురుగా నడుస్తుంది. చెరువులో నీటికి రంగు రావాలి, ప్లాంక్టన్ పట్టాలి, మేత పడాలి; పగడాల ట్యాంకులో నీరు తేటగా, పోషకాలు అతి తక్కువగా ఉండాలి. ఎకరం చెరువులో జరిగిన పొరపాటు బయటపడడానికి రెండు రోజులు పడితే, వంద లీటర్ల నీటిలో అదే పొరపాటు రెండు గంటల్లో బయటపడుతుంది. అందువల్ల ఉప్పు, వేడి, ఆల్కలినిటీ ఈ రోజు ఎంత ఉన్నాయో రేపూ అంతే ఉండేలా చేసే ఏర్పాట్లన్నీ జీవాలు ఇంటికి రాకముందే పూర్తి కావాలని నేను గట్టిగా చెబుతాను.

పక్కనే సముద్రం ఉండగా ఉప్పు ఎందుకు కొనాలని అందరూ మొదట అడుగుతారు. పగడాలకు 35 పీపీటీ (కిలో నీటిలో 35 గ్రాముల ఉప్పు) దగ్గర నిలకడగా ఉండే నీరు కావాలి. అంతర్వేది దగ్గరైనా, ఓడలరేవు దగ్గరైనా వరదల కాలంలో గోదావరి ఎర్రనీరు సముద్రంలోకి చాలా దూరం చొచ్చుకుపోయి, ఉప్పును పలుచన చేసి, ఒండ్రును మోసుకువస్తుంది. మన తీరంలో పగడపు దిబ్బలు పెరగకపోవడానికీ ఆ మంచినీరూ ఆ ఒండ్రూ పెద్ద కారణాలు. మన దేశంలో అవి మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల వైపు ఉన్నాయి. మిగిలిన నెలల్లో కూడా మురుగు కాలువల నీరు, చెరువులు ఖాళీ చేసిన నీరు చివరకు చేరేది ఆ తీరానికే. కాబట్టి పగడాల ట్యాంకుల కోసమే తయారుచేసిన ఉప్పు పొడి కొనుక్కోవాలి. ఉప్పు మడుల్లో పండిన కల్లుప్పు ఇందుకు పనికిరాదు. మడిలో నీరు ఎండేటప్పుడు సున్నపు లవణాలు ముందుగానే అడుగున పేరుకుపోతాయి, మెగ్నీషియం చివర మిగిలే చేదునీటిలో ఉండిపోతుంది, మధ్యలో గడ్డకట్టి మన చేతికి వచ్చేది దాదాపు సోడియం క్లోరైడ్ ఒక్కటే. పగడం తన అస్థిపంజరాన్ని కట్టుకునేది ఆ పోయిన కాల్షియంతోనే.

ఉప్పు కలిపే మంచినీటి విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. కాలువ నీరు, బోరు నీరు, కుళాయి నీరు మూడూ వద్దు. ఆర్వో నీరు వాడాలి, అయితే తాగడానికి అమ్మే ఆర్వో నీటిలో రుచి కోసం కొంత మామూలు నీరు కలుపుతారు. నేను మొదటి రెండు నెలలు ఊళ్లోని ఒక ప్లాంటు నుంచి 20 లీటర్ల టిన్నులు తెప్పించి వాడాను. రాళ్ల మీద పాచి ఎంత గీకినా వారం తిరిగేసరికి మళ్లీ పట్టేది. చివరకు నీటిలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు కొని ముంచి చూస్తే 64 చూపించింది. పగడాల ట్యాంకుకు ఆ అంకె సున్నాకు దగ్గరగా ఉండాలి. ఇంటి ఆర్వో యంత్రంలో టీడీఎస్ సరిచేసే మర పూర్తిగా మూయించి, చివర మిగిలిన లవణాలను కూడా లాగేసే డీఅయొనైజేషన్ రెజిన్ గొట్టం ఒకటి తగిలిస్తే సరిపోతుంది.

తొలి ట్యాంకు మరీ చిన్నది కాకూడదు. 24 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 18 ఎత్తు ఉన్న గాజు ట్యాంకులో అంచు దాకా 127 లీటర్లు పడతాయి. రాళ్లు పెట్టి, పైన కొంత ఖాళీ వదిలితే నికరంగా 105 లీటర్లు అనుకోవచ్చు. గాజు, రాయి, నీరు కలిసి 150 కిలోల దాకా తూగుతాయి కనుక స్టాండు గట్టిది కావాలి, నాలుగు మూలలా రసమట్టం పెట్టి చూడాలి. డెల్టా నేల మెత్తన కనుక పాత ఇళ్లలో గచ్చు ఒక పక్కకు కుంగి ఉండడం మామూలే. కిటికీ ఎండ పడని గోడ చూసుకోవాలి. ఒక రోజంతా మామూలు నీరు నింపి ఉంచి, కారడం లేదని తేలాకే ముందుకు వెళ్లాలి. ట్యాంకు ఉన్న గదిలో దోమల మందు కొట్టడం, కాయిల్ వెలిగించడం, ప్లగ్గుకు పెట్టే మందు వాడడం ఆ రోజు నుంచే మానేయాలి. వాటిలో ఉండే పైరెత్రాయిడ్లు చేపలకూ రొయ్య జాతికీ నేరుగా విషం. మన ప్రాంతంలో ఇది చిన్న త్యాగం కాదు, దోమతెర కట్టుకోవలసిందే.

ఎక్కువ డబ్బు ఖర్చుపెట్టవలసింది వేడి మీద. పగడాలకు 25 నుంచి 27 డిగ్రీలు హాయి. నీరు 30 దాటి కొన్ని రోజులు అలాగే నిలిస్తే పగడం తన ఒంట్లో ఉండి ఆహారం తయారుచేసి పెట్టే సూక్ష్మ శైవలాలను బయటికి వదిలేసి తెల్లబడిపోతుంది. మే నెలలో మన గదుల్లో నీరు దానంతట అదే 32 దాకా వెళుతుంది. పొడి గాలి ఉన్న ఊళ్లలో నీటి మీదకు చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, కానీ మన ఉక్కపోతలో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది కాబట్టి ఫ్యానును నమ్ముకోలేము. ఏసీ ఉన్న గది, లేదా ట్యాంకుకు తగిన చిన్న చిల్లరు (నీటిని చల్లబరిచే యంత్రం), రెండింటిలో ఒకటి తప్పదు. చిల్లరు వదిలే వేడిగాలి అదే గదిలో తిరగకుండా బయటికి పోయే దారి కూడా చూడాలి.

ఆ తరువాతిది కరెంటు. వేడి ఉప్పునీటిలో ప్రాణవాయువు తక్కువగా నిలుస్తుంది. 35 పీపీటీ, 30 డిగ్రీల దగ్గర డీవో (నీటిలో కరిగిన ప్రాణవాయువు) ఎంత ఉన్నా లీటరుకు సుమారు 6 మిల్లీగ్రాములే. తెల్లవారుజామున ఏరేటర్లు ఆగితే ఏమవుతుందో మన రైతులకు చెప్పనక్కరలేదు. ట్యాంకులో ఏరేటరు పని చేసేది నీటిని కదిలించే చిన్న పంపు, వేవ్‌మేకరు, అది తీసుకునే కరెంటు చాలా తక్కువ, కనుక ఇంటి ఇన్వర్టరుకు దాన్ని కలిపితే గంటల తరబడి తిరుగుతుంది. చిల్లరును ఇన్వర్టరు మోయలేదు. అందుకని మంచినీరు నింపి గట్టిగా మూత బిగించిన సీసాలు నాలుగు ఎప్పుడూ ఫ్రీజరులో ఉంచుతాను. ఒక మే మధ్యాహ్నం నాలుగు గంటలు కరెంటు పోయినప్పుడు ఒక్కొక్కటే నీటి మీద తేలవేస్తూ 28 దాటకుండా ఆపగలిగాను. అంతకు ముందటి ఏడాది ఆ సీసాలు లేవు. అప్పటిదాకా ప్రతి క్షణం వేళ్లు ముడుస్తూ విప్పుతూ ఉండే జీనియా అనే మెత్తని పగడం ఆ సాయంత్రానికి ఒక్కొక్క వేలే వాలిపోయి, మర్నాడు పొద్దుటికి రాతి మీద జిగురులా కరిగి ఉంది. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు బ్యాటరీతో నడిచే గాలి పంపు కూడా సిద్ధంగా పెట్టుకోవాలి. వైర్లన్నీ ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వచ్చేలా కట్టి, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి), ఎర్తింగ్ ఉన్న బోర్డుకే కలపాలి, ఉప్పునీటి దగ్గర దీనిలో రాజీ లేదు.

రాళ్లకు పగడాల ట్యాంకుల కోసం అమ్మే ఎండు రాయి 10 కిలోలు చాలు. వాటిని ముందు గాజు మీదే కదలకుండా కూర్చోబెట్టి, ఇసుక తరువాత పోయాలి. ఇసుక మీద రాయి పెడితే, అడుగున గుంటలు తవ్వే చేపలు ఏదో ఒక రోజు దాన్ని పడగొడతాయి. ఇసుక ఆరగొనైటు (కాల్షియం కార్బొనేటు) రకం అంగుళం మందం వేస్తే సరిపోతుంది. గోదావరి ఇసుక, సముద్రపు ఇసుక రెండూ పనికిరావు. మన తీరంలో అల తిరిగి వెళ్లినచోట నల్లటి చారలు కనిపిస్తాయి కదా, ఆ నల్ల రేణువుల దగ్గర అయస్కాంతం పెడితే మీసాల్లా లేచి అంటుకుంటాయి. అంత ఇనుము ఉన్న ఇసుకను పగడాల పక్కన ఉంచలేము.

ఉప్పు కలపడం వేరే ప్లాస్టిక్ డ్రమ్ములో చేయాలి. లీటరు ఆర్వో నీటికి 35 నుంచి 38 గ్రాముల పొడి పడుతుంది, మన ట్యాంకుకు మొత్తం 4 కిలోలు. నీటిలో పొడి వేయాలే తప్ప పొడి మీద నీరు పోయకూడదు. చిన్న పంపుతో 24 గంటలు తిప్పి, అప్పుడు కొలవాలి. ఉప్పదనం చూసే రిఫ్రాక్టోమీటరు మీ ఇంట్లో ఉండే ఉంటుంది, అయితే చెరువులో 5, 10 పీపీటీల దగ్గర చూసే పరికరం 35 దగ్గర సరిగ్గా చూపుతుందన్న భరోసా లేదు. మంచినీటితో సున్నాకు తిప్పితే సరిపోదు. 963.5 గ్రాముల ఆర్వో నీటిలో 36.5 గ్రాముల శుభ్రమైన మెత్తని ఉప్పు కరిగిస్తే ఆ ద్రావణం రిఫ్రాక్టోమీటరుకు 35 పీపీటీ సముద్రపు నీటిలాగే కనిపిస్తుంది. ఆ చుక్క పెట్టి గీత 35 మీదకు వచ్చేలా తిప్పుకోవాలి.

నీరు, రాయి కుదిరాక నైట్రోజన్ చక్రం మొదలుపెట్టాలి, ఇందుకు కావలసిన సరుకు మన మార్కెట్లోనే ఉంది. తల తీసిన పచ్చి రొయ్య ఒకటి తెచ్చి పాత మేజోడు ముక్కలో కట్టి ట్యాంకులో వేలాడదీయాలి. మందు నీటిలో ముంచిన ప్యాకింగ్ సరుకు కాకుండా తాజా రొయ్య కావాలి. అది కుళ్లి అమ్మోనియా 2 పీపీఎమ్‌కు (లీటరుకు 2 మిల్లీగ్రాములకు) చేరగానే తీసి పారేయాలి. వాసన వస్తుంది, ఆ రెండు మూడు రోజులు ఇంట్లోవాళ్లకు ముందే చెప్పడం మంచిది. ఒక రకం బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైటుగా, మరో రకం నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. అవి రాళ్ల మీద నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చెరువుకు చల్లే ప్రోబయోటిక్ పోసి దీన్ని తొందరపెట్టాలని చూడకండి, వాటిలో ఉండేది ఎక్కువగా బాసిల్లస్ జాతి, ఈ పని చేసే జాతి అది కాదు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగాక మాత్రమే ట్యాంకు సిద్ధమైనట్టు. ఈలోగా రాళ్ల మీద గోధుమరంగు పొర, దాని వెనుక పచ్చని పాచి వస్తాయి, వాటికి భయపడి ఏ మందూ వేయకూడదు. ముఖ్యంగా మైలుతుత్తం: చెరువులో పాచికి వాడే ఆ రాగి లవణం కాసింత తగిలినా నత్తలూ పగడాలూ బతకవు. చెరువు దగ్గర వాడిన బకెట్లు, పైపులు, వలలు ట్యాంకు దగ్గరకు రానివ్వకూడదు.

జీవాలను ఒక్కొక్కటిగా, మధ్యలో రెండు మూడు వారాలు వదిలి తేవాలి. ముందు రెండు మూడు సముద్రపు నత్తలు, తరువాత ఒసెల్లారిస్ క్లౌన్ చేపల జత. క్లౌన్ చేపలతో హేచరీలో గుడ్లు పెట్టించి పిల్లలను పెంచే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మన దేశంలోనే నిలబెట్టింది, కాబట్టి సముద్రంలో పట్టినవి కాక హేచరీ పిల్లలే కావాలని దుకాణంలో అడగండి. పగడాల్లో పుట్టగొడుగులా విచ్చుకునే డిస్కోసోమా, లెదర్ రకాలు తొలి ఏడాదికి మంచివి. జోయాంథిడ్లు అందంగా ఉంటాయి కానీ కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా వాటిని కోయకూడదు, అవి పట్టిన రాయిని ఎప్పుడూ వేడినీటిలో వేయకూడదు. రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001 నుంచి ఉన్నాయి. మన సముద్రం నుంచి వాటిని తీయడం, కొనడం నేరం, రామేశ్వరం యాత్ర నుంచి తెచ్చే తెల్లని చచ్చిన కొమ్మలకూ ఇది వర్తిస్తుంది. అందుకే కాగితాలు చూపించి, ట్యాంకులో పెంచిన ముక్కలు అమ్మేవారి దగ్గరే కొనాలి. లైటు మొదట మూడో వంతు వెలుగుతో రోజుకు 8 గంటలు చాలు, నెల రోజుల్లో మెల్లగా పెంచాలి.

ఆ తరువాతిది రోజువారీ పని. నీరు ఆవిరైతే ఉప్పు ఆవిరి కాదు, ఎండల్లో చెరువు సెలినిటీ పెరిగేది ఇందువల్లే. వంద లీటర్లలో రెండు లీటర్లు తగ్గితే 35 కాస్తా 35.7 అవుతుంది. కాబట్టి గాజు మీద ఒక గీత గీసి, రోజూ ఆ గీత దాకా ఉప్పులేని ఆర్వో నీరే పోయాలి. ఆల్కలినిటీ 8 డీకేహెచ్ (ట్యాంకుల వాళ్లు ఆల్కలినిటీకి వాడే కొలమానం) దగ్గర ఉంచాలి. మన ఆక్వా లాబుల లెక్కలో అది సుమారు 143 పీపీఎమ్. కాల్షియం 420 పీపీఎమ్ ఉండాలి, అయితే లాబు కాగితంలో అదే నీటికి కాల్షియం హార్డ్‌నెస్ 1050 అని రావచ్చు, కనుక ఏది కొలిచారో అడగాలి. చెరువుకు సోడా బస్తాల లెక్కన చల్లే చేతికి ఇది వింతగా ఉంటుంది కానీ 100 లీటర్లలో ఒక డీకేహెచ్ పెంచడానికి 3 గ్రాముల వంటసోడా చాలు, అంతకు మించి ఒక రోజులో పెంచకూడదు.

వారానికి ఒకసారి 10 లీటర్లు తీసి, ముందురోజే కలిపి అదే వేడికి తెచ్చిన 10 లీటర్ల కొత్త ఉప్పునీరు పోయాలి. తీసిన నీటిని పెరట్లో మల్లె పాదులో పోస్తే మొక్క మాడిపోతుంది, వీధి చివర కాలువలో పోస్తే ఆ నీరు దిగువన ఎవరి వరి మడికో చేరుతుంది, పైగా అందులో ఎక్కడెక్కడి సముద్రాల జీవకణాలో ఉంటాయి. కాస్త బ్లీచింగ్ కలిపి గంటసేపు పక్కన పెట్టి, స్నానాల గది తూములో పోయండి. ఆ బకెట్టును మాత్రం మళ్లీ ట్యాంకు పనికి వాడకండి.