అరచేతిలో బ్రౌజర్ – నాలుగో పాఠం: మీరెక్కడ ఉన్నారని సైటు అడిగినప్పుడు

పోయిన పాఠంలో కుకీల డబ్బా ఖాళీ చేశాం. ఈ పాఠానికి మీ ఫోను, అరగంట తీరిక ఉంటే చాలు. ఇంట్లో వైఫై కూడా ఉంటే చివర ఇచ్చిన అభ్యాసం ఇంకా రుచిగా ఉంటుంది.

తెనాలిలో ఉండే మా పెద్దమ్మ ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది. మేడ మీద వడియాలు పెట్టబోతూ, వాన వస్తుందేమో చూద్దామని బ్రౌజర్‌లో ఒక వాతావరణం సైటు తెరిచిందట. లొకేషన్ తెలుసుకోవచ్చా అని చిన్న పెట్టె వచ్చింది. వద్దని నొక్కింది. అయినా సైటు ఊరుకోకుండా హైదరాబాద్‌లో సాయంత్రం జల్లులు పడతాయని చూపించింది. “వద్దన్నా ఊరు చెప్పేశాడు నాయనా, పైగా చెప్పింది నా ఊరు కూడా కాదు” అని ఆమె ఫిర్యాదు. వడియాలు మర్నాటికి వాయిదా పడ్డాయి. నాకు మాత్రం ఈ పాఠానికి మొదలు దొరికింది.

సైటుకు మీ ఊరు రెండు దారుల్లో తెలుస్తుంది. మొదటిది మీరు చెప్పకపోయినా తెలిసే దారి. మీరు ఒక పేజీ కావాలని అడిగితే, దాన్ని ఎక్కడికి పంపాలో అవతలి కంప్యూటర్‌కు తెలియాలి కదా. అందుకోసం మీ కనెక్షన్‌కు ఒక అంకెల చిరునామా ఉంటుంది, అదే ఐపీ అడ్రసు. ఇది ఉత్తరం మీద తపాలా ముద్ర లాంటిది. ముద్ర చూస్తే ఉత్తరం ఏ పోస్టాఫీసు నుంచి బయలుదేరిందో తెలుస్తుంది, రాసిన మనిషి ఏ వీధిలో ఉన్నాడో తెలియదు. మొబైల్ డేటాలో ఆ ముద్ర ఇంకా గందరగోళంగా ఉంటుంది. మీరు ఏ చిన్న ఊళ్లో కూర్చున్నా, ఫోను కంపెనీ మీ డేటాను ఏదో ఒక పెద్ద నగరం గుండా ఇంటర్నెట్‌లోకి వదలవచ్చు. సైటుకు కనిపించేది ఆ నగరమే. తెనాలి పెద్దమ్మ హైదరాబాద్ పెద్దమ్మ అయిపోయింది అందుకే. ఆమె వద్దన్న మాట పనిచేయలేదని కాదు, బాగానే పనిచేసింది. సరైన ఊరు తెలియకనే ఆ సైటు ఊహించింది.

రెండో దారి మీరు అనుమతి ఇస్తే తెరుచుకునేది. ఇక్కడ ఊహ ఉండదు. ఫోను జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలు, చుట్టుపక్కల వైఫై రౌటర్లు, సెల్ టవర్లు అన్నీ కలిపి లెక్కగట్టి మీ అక్షాంశం, రేఖాంశం తేలుస్తుంది. బ్రౌజర్ ఆ అంకెలను సైటుకు అందిస్తుంది. వాటితో పాటు ఈ లెక్క ఎన్ని మీటర్ల అటూ ఇటూగా నిజమో చెప్పే అంకె కూడా వెళుతుంది.

ఆ అంకెల పదును ఎంతో ఒకసారి చూడాలి, ఎందుకంటే చాలామంది ‘ఊరి పేరే కదా, తెలిస్తే ఏం పోయింది’ అనుకునేది ఇక్కడే. చార్మినార్ అక్షాంశం 17.3616, రేఖాంశం 78.4747. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే నేల మీద దాదాపు 111 కిలోమీటర్లు. చుక్క తరువాత రెండు అంకెలే ఇస్తే, అంటే 17.36 అని ఆపేస్తే, తేడా ఒక కిలోమీటరు పైచిలుకు. చార్మినార్ ఉన్న పేట తెలుస్తుంది, అంతే. నాలుగు అంకెలు ఇస్తే తేడా పదకొండు మీటర్లకు దిగుతుంది. పదకొండు మీటర్లంటే మీ ఇల్లు, పక్కిల్లు. ఆరుబయట ఫోను ఇచ్చే లెక్క మామూలుగా ఈ రెండో రకానికే దగ్గరగా ఉంటుంది. సైటు అడిగేది ఊరు అనిపించేలా ఉంటుంది, మనం ఇచ్చేది వాకిలి.

ఇంకో సంగతి ఉంది, ఆ పెట్టె చెప్పనిది. సైటు మీ స్థానాన్ని ఒక్కసారి తీసుకుని ఊరుకోవచ్చు, లేదా పేజీ తెరిచి ఉన్నంతసేపు మీరు కదిలినప్పుడల్లా తీసుకుంటూ ఉండవచ్చు. దారి చూపించే సైటుకు రెండోది అవసరం, వాతావరణం సైటుకు మొదటిది చాలు. కానీ అనుమతి అడిగే పెట్టె రెండింటికీ ఒకటే. ఏ రకంగా వాడుకుంటుందో మీరు ఎంచుకోలేరు. ఈ ఏర్పాటు నాకు మొదటి నుంచీ నచ్చలేదు. నచ్చనందుకు మనం చేయగలిగింది, ఇచ్చే అనుమతి గడువును తగ్గించడం.

ఇక పనిలోకి వద్దాం. మీ స్థానం సైటుకు చేరాలంటే మూడు గడపలు దాటాలి. వీధి గడప ఫోనులోని లొకేషన్ స్విచ్. నడిమి గడప, బ్రౌజర్ అనే యాప్‌కు ఫోను ఇచ్చిన అనుమతి. లోపలి గడప, ఒక్కొక్క సైటుకు బ్రౌజర్ ఇచ్చే అనుమతి. మూడూ తెరిచి ఉంటేనే అంకెలు బయటికి వెళతాయి.

వీధి గడప గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. తెర పైనుంచి కిందికి లాగితే వచ్చే గుర్తుల్లో లొకేషన్ అనేది ఉంటుంది, అదే. భయపడి దాన్ని ఎప్పుడూ మూసి ఉంచేవాళ్లు ఉన్నారు. అలా చేస్తే మ్యాపు దారి చూపదు, ఆటో పిలిస్తే మీ గుమ్మానికి రాదు, ఫోను పోతే ఎక్కడుందో వెతకడమూ కష్టమవుతుంది. ఒక్క సైటు కోసం ఊరి గేటు మూయనవసరం లేదు.

నడిమి గడపను ఎక్కువమంది చూడనే చూడరు. ఆండ్రాయిడ్ ఫోనులో బ్రౌజర్ గుర్తు మీద వేలు నొక్కి పట్టండి. వచ్చే చిన్న పట్టీలో యాప్ సమాచారం అని గానీ, గుండ్రటి గీతలో ‘ఐ’ గుర్తు గానీ ఉంటుంది. అందులో పర్మిషన్లు, అందులో లొకేషన్. యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే, ప్రతిసారీ అడగాలి, అనుమతించవద్దు అనే మాటలు కనిపిస్తాయి. వాటి కింద కచ్చితమైన లొకేషన్ వాడాలా అని ఒక మీట ఉంటుంది. ఇది 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి ఉంది. ఆ మీట ఆపేస్తే బ్రౌజర్‌కు మీ వాకిలి తెలియదు, సుమారు మూడు చదరపు కిలోమీటర్ల మేర ఒక ప్రాంతం తెలుస్తుంది. తనకే తెలియనిదాన్ని బ్రౌజర్ సైటుకు చెప్పలేదు. నా ఫోనులో ఈ మీట ఎప్పుడూ ఆపే ఉంటుంది. దారి చూసుకోవడానికి మ్యాపు యాప్ వేరే ఉంది కాబట్టి బ్రౌజర్‌కు అంత పదును అవసరం పడదు.

ఐఫోనులో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, లొకేషన్ సర్వీసెస్ తెరవండి. సఫారీ అంటే ఐఫోనుతో వచ్చే బ్రౌజర్, అక్కడి జాబితాలో సఫారీ వెబ్‌సైట్స్ అనే వరుస ఉంటుంది. ప్రిసైజ్ లొకేషన్ అనే మీట అందులోనే, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి. చేయవలసింది పైన చెప్పినదే.

లోపలి గడప మన అసలు పాఠం. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో పైన మూలనున్న మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, లొకేషన్ వరకు వెళ్లండి. పైన ఒక మీట, కింద సైట్ల జాబితా. మీట ఆన్‌లో ఉంటే సైటు అడగవచ్చు, ఆఫ్‌లో ఉంటే అడగడానికే వీలుండదు. ఆ జాబితా చూసినప్పుడు మీకు ఆశ్చర్యం కలగకపోతే మీరు నాకంటే జాగ్రత్త గలవారు. నా జాబితాలో మొదటిసారి బయటపడినవి: ఎప్పుడో కర్టెన్లు కొన్న దుకాణం, ఒకే ఒక్కసారి తెరిచిన టిక్కెట్ల సైటు, పేరు చూసినా గుర్తు రానివి మూడు. మీట ఆపినంత మాత్రాన పాత అనుమతులు చెరిగిపోతాయని అనుకోకండి. జాబితాలోకి వెళ్లి ఒక్కొక్క పేరు నొక్కి బ్లాక్ చేయాలి, లేదా తీసేయాలి. తీసేస్తే ఆ సైటు మళ్లీ వచ్చినప్పుడు కొత్తగా అడుగుతుంది. బ్లాక్ చేస్తే మీరే మళ్లీ తెరిచేదాకా అడగదు.

సైటులో ఉండగానే మార్చాలంటే అడ్రసు పట్టీకి ఎడమ వైపున్న గుర్తు నొక్కి పర్మిషన్లు చూడండి. ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్, సైట్ పర్మిషన్స్, లొకేషన్. సఫారీలో సైట్ల కోసం ఉన్న లొకేషన్ వరుసలో అడుగు, తిరస్కరించు, అనుమతించు అని మూడు ఉంటాయి, ‘అడుగు’ దగ్గర ఉంచండి. ఫోను కంపెనీని బట్టి మాటలు కొంచెం అటూ ఇటూ అవుతాయి, వరుస మాత్రం ఇదే. ఒకటి గుర్తుంచుకోండి, కొన్ని యాప్‌లు లింకును మీ బ్రౌజర్‌కు పంపకుండా తమ సొంత కిటికీలోనే తెరుస్తాయి. అక్కడ మీరు క్రోమ్‌లో కట్టిన గోడలు ఉండవు, నడిమి గడపగా నిలిచేది ఆ యాప్‌కు ఇచ్చిన అనుమతి.

సరే, పెట్టె వచ్చినప్పుడు ఏమి నొక్కాలి? నాకు నేను పెట్టుకున్న కొలత ఒకటి ఉంది: ఈ పనికి పిన్‌కోడ్ సరిపోతుందా? మన దేశంలో 1972 నుంచీ ఆరంకెల పిన్‌కోడ్ ఉంది. 522201 అని కొడితే తెనాలి. సరుకు మా ఊరికి వస్తుందో రాదో చెప్పడానికి దుకాణానికి అది చాలు. వాన సంగతి చెప్పడానికి ఊరి పేరు చాలు. బ్యాంకు శాఖ ఎక్కడుందో చూపడానికి పేట పేరు చాలు. అలాంటి సైట్లలో దాదాపు ఎప్పుడూ వెతికే పెట్టె ఒకటి ఉంటుంది, నాలుగు అక్షరాలు కొట్టే ఓపిక ఉండాలి. తెలియని ఊళ్లో రాత్రిపూట మందుల షాపు వెతుకుతుంటే పిన్‌కోడ్ చాలదు, అప్పుడు సంకోచించకుండా ఇవ్వండి. కొత్త వెర్షన్లలో ‘ఈసారికి మాత్రమే’ అనే మాట కనిపిస్తుంది, దాన్నే నొక్కండి. ఒకసారి చేరిన అంకెలను తరువాత ఏ సెట్టింగ్ మార్చినా వెనక్కి తెచ్చుకోలేం. సెట్టింగ్ రేపటికి పనిచేస్తుంది, నిన్నటికి కాదు.

రెండు అపోహలు తీర్చి అభ్యాసానికి వెళదాం. ఇన్‌కాగ్నిటోలో తెరిస్తే ఊరు దాగదు. అది మీ ఫోనులో చరిత్ర మిగలకుండా చూస్తుంది, తపాలా ముద్ర మాత్రం అలాగే పడుతుంది. వీపీఎన్ అంటే మీ కనెక్షన్‌ను వేరే చోటున్న కంప్యూటర్ గుండా తిప్పి పంపే సేవ. అది ఆ ముద్రను మారుస్తుంది, కానీ లోపలి గడప తెరిచి ఉంటే ఏ దేశపు వీపీఎన్ పెట్టినా సైటుకు మీ వాకిలి అంకెలే వెళతాయి. డబ్బు కట్టి వీపీఎన్ తీసుకుని, వచ్చిన ప్రతి పెట్టెకూ సరేనని నొక్కే మిత్రుడు నాకొకడు ఉన్నాడు. వీధి వైపు తెర వేసి వెనక తలుపు తీసి పెట్టుకున్నట్టు.

అడ్రసు https తో మొదలుకాని సైట్లకు క్రోమ్ 2016 నుంచి లొకేషన్ ఇవ్వడమే మానేసింది. కాబట్టి అలాంటి పేజీ ‘అనుమతి ఇవ్వండి’ అని ఎంత బతిమాలినా అది వట్టి బొమ్మే, దాని జోలికి పోకండి.

అభ్యాసం. లొకేషన్ అనుమతి ఏ సైటుకూ లేకుండా చేసి, మొబైల్ డేటాలో గూగుల్ తెరిచి ‘మందుల షాపు’ అని వెతకండి. పేజీ అట్టడుగున చిన్న అక్షరాల్లో ఒక ఊరి పేరు, అది ఎలా తెలిసిందో ఒక మాట ఉంటాయి. ఒక కాగితం మీద రాసుకోండి. తరువాత వైఫైకి మారి అదే వెతకండి. మూడోసారి ‘ఈసారికి మాత్రమే’ అనుమతి ఇచ్చి వెతకండి. మూడు సమాధానాలూ పక్కపక్కన పెట్టి చూడండి. మా పెద్దమ్మకు మొదటిసారి హైదరాబాద్, రెండోసారి విజయవాడ, మూడోసారి ఆమె వీధి చివరనున్న షాపు వచ్చాయి.

ఆ తరువాత ఆమె వడియాల ఫొటో ఒకటి తీసి, డాక్యుమెంటుగా నాకు పంపింది. తెరిచి చూస్తే ఫొటోతో పాటు మేడ అక్షాంశం, రేఖాంశం కూడా వచ్చాయి. ఐదో పాఠం దాని గురించి. ఈలోగా మీ గ్యాలరీలో ఇంట్లో తీసిన ఒక ఫొటో ఎంచి పక్కన పెట్టుకోండి.