అలవాటైపోయిన ఇబ్బందిలో వ్యాపారం: అవకాశాన్ని పసిగట్టి, లెక్కగట్టి, మొదలుపెట్టే పద్ధతి

సొంత వ్యాపారం పెట్టాలనుకునేవారిలో ఎక్కువమంది "ఏ వ్యాపారం పెడితే బాగా నడుస్తుంది?" అన్న ప్రశ్నతో బయలుదేరుతారు. పక్క వీధిలో కర్రీ పాయింట్ కిటకిటలాడుతోంది కనుక మనమూ ఒకటి తెరుద్దామనో, ఊళ్లో ఇంకా ఎవరూ తేలేదు కనుక ఫలానా కంపెనీ ఫ్రాంచైజీ తీసుకుందామనో జవాబులు వస్తాయి. అలా తెరిచిన దుకాణాల్లో కొన్ని నిలబడతాయి గాని, ఎందుకు నిలబడ్డాయో యజమానికే తెలియకపోతే రెండో దుకాణం తెరిచేటప్పుడు మళ్లీ అదృష్టాన్నే నమ్ముకోవాల్సి వస్తుంది. ప్రశ్ననే మార్చుకోవడం మేలు. నాకు బాగా తెలిసిన మనుషులు ఏ పని కోసం అవసరానికి మించి డబ్బునో, సమయాన్నో, ఒంటి సత్తువనో ధారపోస్తున్నారు? ఈ ప్రశ్నను పట్టుకుని మొదటి అమ్మకం దాకా ఎలా వెళ్లాలో ఇక్కడ వివరిస్తాను.

మొదటి చిక్కు ఏమిటంటే, తరతరాలుగా ఉన్న ఇబ్బంది ఎవరికీ ఇబ్బందిగా తోచదు. పోచంపల్లి ఇక్కత్ చీర నేయాలంటే నూలుకు రంగులు అద్దడానికి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో మేకులు బిగించిన చట్రం మీద దారాన్ని ఒక కొస నుంచి ఇంకో కొసకు చేత్తో లాగి, మేకు చుట్టూ తిప్పి, మళ్లీ వెనక్కి తేవాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు ఇలా ఆడాలి, దానికి 4 నుంచి 5 గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే 18,000 సార్లు. నేత ఇళ్లలో ఇది ఎక్కువగా ఆడవారి పని. భుజాలు, మోచేతులు నొప్పి పుట్టడం ఆ పనిలో ఉన్నదేనని అందరూ సర్దుకుపోయారు. ఆలేరు దగ్గర శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి కూడా అలాగే ఆసు పోసేవారు. ఆరో తరగతితో బడి మానేసిన మల్లేశం 1992లో ఆ పనికి యంత్రం తయారుచేయడానికి పూనుకుని, 1999లో పూర్తిచేసి, దానికి తల్లి పేరే పెట్టారు. ఒక్క చీర ఆసు గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనను పద్మశ్రీ వరించింది.

ఈ ఉదంతాన్ని పట్టుదలకు ఉదాహరణగా చెప్పుకోవడం పరిపాటి. అది సబబే. అయితే వ్యాపారం పెట్టబోయేవారికి ఇందులో అంతకంటే అక్కరకొచ్చే విషయం ఉందని నా నమ్మకం. అమ్మకు చేతులు నొప్పి పుడుతున్నాయన్న మాట దగ్గరే ఆగిపోతే సానుభూతి తప్ప ఏమీ మిగలదు. అదే 9,000 సార్లు, 5 గంటలు అన్న లెక్క చేతిలో ఉంటే, యంత్రం చీరకు మూడు గంటలకు పైగా మిగిల్చితే ఆ ఇల్లు రోజుకు ఇంకెన్ని చీరలకు ఆసు సిద్ధం చేయగలదో, ఆ అదనపు రాబడిలోంచి యంత్రం ఖరీదు ఎన్ని నెలల్లో తీరుతుందో కాగితం మీద వేసుకోవచ్చు. కొనేవారు పేద నేత కుటుంబాలైనా ఆ యంత్రానికి గిరాకీ ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది.

కనుక మొదటి నెలకు కావలసిన పెట్టుబడి ఒక నోటుపుస్తకం మాత్రమే. మీరు పుట్టి పెరిగిన ఇంటి వృత్తినో, పనిచేస్తున్న రంగాన్నో, రోజూ తిరిగే బజారునో ఎంచుకోండి. పరిచయం లేని రంగంలో ఇబ్బందులు దూరం నుంచి కనిపించినా వాటి మూలం అంతుపట్టదు. పని జరిగేచోట, అది మిల్లు కావచ్చు, మార్కెట్ యార్డు కావచ్చు, టైలరు దుకాణం కావచ్చు, వారానికి రెండు మూడు రోజులు కూర్చుని చూసినదంతా రాయండి: ఏ పనికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఎవరు ఎవరి కోసం ఎంతసేపు వేచి ఉన్నారు, ఏది పాడై పారబోశారు, ఏ పనిని రెండోసారి చేయాల్సి వచ్చింది. మీ అభిప్రాయాలను వేరే పేజీలో రాసుకోండి, లేకపోతే నాలుగు రోజులయ్యేసరికి చూసినదేదో అనుకున్నదేదో తేడా తెలియదు.

అన్నిటికంటే శ్రద్ధగా గమనించాల్సినవి జనం తమంతట తాము చేసుకున్న సర్దుబాట్లు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక అర్ధరాత్రి పొలానికి పరుగెత్తలేని రైతులు బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరిగేది గాని, ఆ లైను మీది మోటార్లన్నీ ఒక్కసారిగా మొదలవడంతో ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడేది, అక్కరలేకున్నా నీళ్లు పారేవి. సర్దుబాటు ఉందంటే ఇబ్బంది నిజమైనదేనని, దానికి జనం ఇప్పటికే డబ్బు పెడుతున్నారని అర్థం. ఆ సర్దుబాటు తెచ్చిపెట్టిన కొత్త ఇబ్బంది ఏదో కనిపెడితే, మీరు మెరుగుపరచాల్సింది ఏమిటో తెలిసిపోతుంది. సెల్‌ఫోన్‌తో ఇంటి నుంచే మోటారు వేసి కట్టేసే పరికరాలకు గిరాకీ ఏర్పడింది ఇక్కడే.

తరువాత మనుషులతో మాట్లాడాలి. ఇక్కడ మన మొహమాటమే పెద్ద అడ్డంకి. "ఇలాంటిది తయారుచేస్తే కొంటారా?" అని అడిగితే, ఎదుటివారు మన మనసు నొప్పించడం ఇష్టం లేక "తప్పకుండా కొంటాం బాబూ" అంటారు. ఆ మాటను నమ్మి సరుకు తయారుచేస్తే అది గోడౌన్‌లోనే ఉండిపోతుంది. జరగబోయేదాన్ని కాక జరిగిపోయినదాన్ని అడగండి. కిందటిసారి ఈ చిక్కు వచ్చినప్పుడు ఏం చేశారు, ఎవరి దగ్గరికి వెళ్లారు, ఎంత ఖర్చయింది, అంతకుముందు ఇంకేమైనా కొని పక్కన పడేశారా అని అడిగితే నిజం బయటికి వస్తుంది. బంధువులను, స్నేహితులను మినహాయించి కనీసం పాతికమందితోనైనా ఇలా మాట్లాడాలి. పాతికమందిలో ఒక్కరు కూడా ఆ ఇబ్బంది తీర్చుకోవడానికి రూపాయి గాని, ఒక పూట గాని ఖర్చు పెట్టి ఉండకపోతే, ఆ ఆలోచన మీకు ఎంత ప్రియమైనదైనా వదిలేయడమే మంచిది.

బాధపడేవారు ఒకరు, తాళం చేతిలో ఉన్నవారు మరొకరు అయినప్పుడు పని ఇంకొంచెం కష్టమవుతుంది. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్టు కోసం ఫణీంద్ర సామ ట్రావెల్ ఏజెన్సీలు తిరిగి తిరిగి, దొరక్క ఊరుకోవాల్సి వచ్చింది. పండగ పూట టికెట్టు దొరకకపోవడం ఎందరికో అనుభవమే. ఆయన ప్రత్యేకత ఏమిటంటే, ఎందుకు దొరకలేదో ఆరా తీయడం. ఏజెంటు తనకు పరిచయమున్న కొద్దిమంది బస్సు యజమానులకు ఫోన్ చేసి ఖాళీలు కనుక్కుంటాడు. ప్రతి యజమాని దగ్గరా సీట్ల పట్టిక వేరుగా ఉంటుంది. కనుక ఒక ఏజెన్సీ లేదన్న సీటు మరో బస్సులో ఖాళీగా వెళ్లిపోవచ్చు. ఆయన స్నేహితులతో కలిసి ముందుగా బస్సు యజమానుల కోసం సాఫ్ట్‌వేర్ రాశారు. యజమానులు దాన్ని వాడడానికి ముందుకు రాలేదు. ఏజెంట్లతో, ఫోన్లతో పని గడిచిపోతున్నప్పుడు కంప్యూటరు నేర్చుకోవాల్సిన అవసరం వారికి కనిపించలేదు. అప్పుడు దారి మార్చి, కొన్ని సీట్లు తామే తీసుకుని ఇంటర్నెట్‌లో ప్రయాణికులకు అమ్మి చూపించారు. 2006లో రెడ్‌బస్ అలా మొదలైంది, 2013లో దాన్ని ఇబిబో గ్రూపు కొనుగోలు చేసింది. మీ ఆలోచనలో కూడా ఇబ్బంది ఎవరిది, డబ్బు చెల్లించేది ఎవరు, కాదనగల అధికారం ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు మూడు జవాబులు రాసుకోండి. మూడో మనిషికి మీవల్ల ఒరిగేదేమిటో ముందే తేల్చుకోకపోతే ఎంత మంచి వస్తువైనా గుమ్మం దాటదు.

ఇక లెక్కలు. ఇక్కడ తొందరపడేవారే ఎక్కువ కనుక ఒక ఉదాహరణను పూర్తిగా చూద్దాం. ఇడ్లీ పిండి తయారుచేసి కిరాణా కొట్లకు వేయాలనుకున్నారు అనుకోండి. అంకెలు ఊహించినవే, మీ ఊరి ధరలతో మార్చుకోవాలి. కిలో ప్యాకెట్ 60 రూపాయలు. కొట్టు కమీషన్ 9 పోగా మీకు వచ్చేది 51. బియ్యం, మినపగుళ్లకు 25, కవరుకు 3, కూలి, కరెంటుకు 8, చేరవేతకు 4, మొత్తం 40. ప్యాకెట్‌కు 11 రూపాయలు మిగులుతుంది, నూరు ప్యాకెట్లకు 1,100 అని సంబరపడతాం. అయితే పిండి పులిసిపోయే సరుకు, అమ్ముడుపోనిది కొట్టువారు తిరిగి ఇచ్చేస్తారు. నూటికి 10 వెనక్కి వస్తే, 90 ప్యాకెట్ల మీద 4,590 వస్తుంది, ఖర్చు మాత్రం నూటికీ కలిపి 4,000, కాబట్టి మిగిలేది 590. వెనక్కి వచ్చేవి 20 అయితే 4,080లో 4,000 పోయి మిగిలేది 80 రూపాయలు.

ఈ లెక్క చూశాక ఎక్కడ కొత్తదనం తేవాలో వేరే చెప్పనక్కరలేదు. పిండి ఇంకా మెత్తగా రుబ్బడం వల్ల గాని, కవరు మీద బొమ్మ మార్చడం వల్ల గాని ఈ వ్యాపారం బాగుపడదు. సొమ్ము కారిపోతున్నది వాపసుల దగ్గర. ఒకటి రెండు అపార్ట్‌మెంట్లలో ముందురోజు సాయంత్రమే వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని, డబ్బు కూడా అప్పుడే వేయించుకుని, తెల్లవారుజామున గుమ్మం దగ్గర పెట్టే ఏర్పాటు చేస్తే, చేరవేత 4 నుంచి 9 రూపాయలకు పెరిగినా ఖర్చు 45 దాటదు. కమీషన్ లేదు, వాపసు లేదు. రోజుకు 80 ప్యాకెట్లు పోయినా 1,200 మిగులుతుంది. వస్తువు పాతదే, అమ్మే క్రమం మారింది. నవకల్పన అనగానే ప్రయోగశాల గుర్తుకు వచ్చేవారు ఈ సంగతిని తక్కువగా చూస్తారు గాని, చిన్న వ్యాపారంలో వచ్చే మార్పుల్లో చాలావరకు ఇలాంటివే. మీ రంగంలో కూడా ఖర్చులను వరుసగా రాసి, ఏ ఒక్క అంకె మారితే లాభం తలకిందులవుతుందో దాని చుట్టూ గీత గీయండి, బుర్ర పెట్టాల్సింది అక్కడే.

ధర కూడా మార్చదగిన అంకెల్లో ఒకటని మరిచిపోకూడదు. 1990ల్లో హెపటైటిస్-బి టీకా విదేశాల నుంచి వచ్చేది, సామాన్యుడు కొనలేని ధర పలికేది. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ ఆ టీకాను దేశంలోనే అభివృద్ధి చేసి 1997లో చాలా తక్కువ ధరకు అందించింది. అప్పటిదాకా టీకా వేయించుకోనివారికి అది అక్కరలేక కాదు, అందక. ఖరీదైన వస్తువుకు కొనేవారు తక్కువగా కనిపించినప్పుడు, గిరాకీ లేదనుకునే ముందు, ఏ ధర దగ్గర తలుపు తెరుచుకుంటుందో విచారించాలి. ఆ తరువాత ఆ ధరకు తయారుచేయడం సాధ్యమా అన్నది వెనక నుంచి లెక్క వేసుకుంటూ రావాలి.

ప్రయోగం ఎంత చిన్నదైతే అంత మంచిది, కానీ ఉచితంగా మాత్రం చేయకండి. ఊరికే ఇస్తే అందరూ మెచ్చుకుంటారు. పది రూపాయలైనా తీసుకుంటే లోపాలు చెబుతారు. మనకు కావలసింది ఆ లోపాలే. మొదటి పదిమందిలో ఎంతమంది అడగకుండా రెండోసారి వచ్చారో అదే అసలైన కొలత. ఎంత డబ్బు, ఎన్ని నెలలు పెడతారో ముందే ఇంట్లోవారితో కూర్చుని నిర్ణయించి కాగితం మీద రాసుకోవాలి. ఆ గడువులో రెండోసారి కొనేవారు తేలకపోతే ఆగిపోవాలి. ఇల్లు తాకట్టు పెట్టి సాగదీయడాన్ని పట్టుదల అనడానికి నేను ఒప్పుకోను.

పని మధ్యలో ఎక్కడైనా చిక్కుకుపోతే, సొంత రంగం వదిలి వేరే రంగంలోకి తొంగిచూడండి. మల్లేశం యంత్రంలో చివరి కదలిక ఒకటి ఏళ్ల తరబడి కుదరలేదు. హైదరాబాద్ బాలానగర్‌లో పనికి వెళ్లినప్పుడు అక్కడ ఒక యంత్రం కదిలే తీరు చూసి, అదే తీరు ఆసుకు సరిపోతుందని ఆయన పట్టుకున్నారు. నేతకూ ఆ కార్ఖానాకూ సంబంధం లేకపోయినా కదలిక ఒక్కటే. గ్రామీణ ఆవిష్కర్తలకు తోడు నిలిచే పల్లె సృజన వంటి సంస్థలను, కొత్త వ్యాపారాలకు ఊతమిచ్చే హైదరాబాద్‌లోని టీ-హబ్, మహిళల కోసం ఏర్పడిన వీ-హబ్ వంటి వేదికలను సంప్రదించడం వల్ల కలిగే మేలు కూడా ఇలా ఇతర రంగాలవారి కంటపడడమే.

మీరు తయారుచేసినది నిజంగా కొత్త యంత్రమో ప్రక్రియో అయితే, దాన్ని ప్రదర్శనలో పెట్టకముందే, వీడియో తీసి పంచకముందే పేటెంటుకు దరఖాస్తు చేయాలి, ఎందుకంటే ముందే బహిరంగమైనదానికి కొత్తదనం పోయిందని దరఖాస్తు తిరస్కరించవచ్చు. వివరాలన్నీ సిద్ధంగా లేకపోతే తాత్కాలిక దరఖాస్తు వేసి, 12 నెలల్లో పూర్తి వివరాలు ఇచ్చే వీలుంది. మంజూరైతే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు హక్కు ఉంటుంది. ఇడ్లీ పిండి ఆర్డర్ల వంటి ఏర్పాటుకు పేటెంటు రాదు, దానికి పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకోవడమే రక్ష.

అప్పు సంగతి చివరికి పెట్టడానికి కారణముంది. రెండోసారి కొనేవారు తేలాక, కారిపోతున్న అంకె అదుపులోకి వచ్చాక బ్యాంకు మెట్లెక్కితే, మీ నోటుపుస్తకమే ప్రాజెక్టు రిపోర్టుకు ఆధారమవుతుంది. సూక్ష్మ సంస్థగా, అంటే అతి చిన్న వ్యాపారంగా, కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు కావడానికి ఆధార్, పాన్ ఉంటే సాధారణంగా సరిపోతుంది. ఆ నమోదు పూర్తిగా ఉచితం కనుక రుసుము అడిగే వెబ్‌సైట్లకు, దళారులకు డబ్బు కట్టకండి.