పరుగులో ఆయాసం తగ్గిన తీరు

విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలు ఆపేస్తారు. అయినా ఆర్కే బీచ్ దగ్గర మొదలుపెట్టిన కాసేపటికే నాకు ఊపిరి అందేది కాదు, డొక్కలో పోటు వచ్చేది.

నన్ను నిలబెట్టింది పరుగు-నడక పద్ధతి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన అమెరికన్ జెఫ్ గాలోవే దీన్ని బాగా ప్రచారం చేశారు. నిమిషం పరుగు, నిమిషం నడకతో మొదలుపెట్టాను. అలసిపోయాక నడవడం కాదు, అలసట రాకముందే నడవాలి. కిటుకంతా అక్కడే ఉంది. పరుగెత్తేటప్పుడు పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ, చెమట త్వరగా ఆరదు, ఒంట్లో వేడి దిగదు. అందుకే ఎండాకాలంలో ఇంకా నెమ్మదిగా వెళ్తాను. డొక్కలో పోటు వస్తే నడకలోకి మారి, అక్కడ చేత్తో నొక్కి, ఊపిరి నిదానంగా వదిలితే తగ్గిపోతుంది.

కష్టమైనది కాళ్లకు కాదు, మనసుకు. ఒంట్లో సత్తువ ఉండగానే నడవాలి, పెద్దవయసు వాళ్లు దాటుకుంటూ వెళ్తున్నా మన వేగంలోనే ఉండాలి. ఆ ఓర్పు నాకు ఇంతకుముందు లేదు. ఆఫీసులో ఎవరైనా గట్టిగా మాట్లాడితే వెంటనే బదులిచ్చేవాణ్ని. ఇప్పుడు ముందు ఊపిరి తీసుకుంటున్నాను. ఈ మార్పు పరుగు వల్లే వచ్చిందని నా గట్టి నమ్మకం.

గుండె జబ్బు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి.