ప్రహరీ దాటి వచ్చిన పక్కింటి కంచెను ఏం చేయాలి?

తొలకరి పడితే చాలు, పక్కింటివారు గోడ వెంట పెంచిన గోరింట, డురాంటా, మందార చూస్తుండగానే ప్రహరీని దాటి ఎదుగుతాయి. కాగితపు పూల తీగ ముళ్లతో సహా మన బట్టలారేసే తీగ మీదికి వాలుతుంది, రాలిన ఆకు సన్‌షేడ్ మీది నీటి గొట్టానికి అడ్డుపడి వాన నీరు గోడలోకి ఇంకుతుంది. అప్పుడు చాలామంది చేసే పని కొడవలి తీసుకుని అందినంత మేర నరికివేయడం, లేదంటే ఏళ్ల తరబడి సణుక్కుంటూ ఊరుకోవడం. నరికినా కంచె మళ్లీ ఏడాదికి అంతే ఎత్తు పెరుగుతుంది కనుక, ఈ ఏటి కొమ్మల సంగతితో పాటు ఏటా ఎవరు, ఎప్పుడు, ఎవరి ఖర్చుతో కత్తిరించాలన్న సంగతిని తేల్చుకున్నప్పుడే పని పూర్తయినట్లు అని నా అభిప్రాయం. ఇక్కడ చెప్పే అంచెలన్నీ ఆ ఒప్పందానికి దారి వేసేందుకే.

మొదట చేయవలసింది మొక్క మొదలు ఎక్కడ ఉందో చూడడం. ప్రహరీ ఎవరి స్థలంలో కట్టారో, కంచె వేళ్లు ఏ వైపున ఉన్నాయో తెలియకుండా మాట మొదలుపెడితే అది కొమ్మల తగవుగా ఆగకుండా హద్దుల తగవుగా మారిపోతుంది. మీ దస్తావేజులో రాసిన నాలుగు హద్దులను, కొలతలను, లేఅవుట్ ప్లానును ముందు పెట్టుకుని టేపుతో కొలిచి చూడండి. సర్వే నంబరు హద్దుపైనే అనుమానం ఉంటే మండల సర్వేయరు చేత కొలిపించుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఇందుకోసం మీసేవలో ఎఫ్-లైన్ దరఖాస్తు ఇస్తారు. మొదలు సరిగ్గా గీత మీదనే ఉంటే ఆ మొక్క ఇద్దరిదీ అనుకుని నడుచుకోవడం క్షేమం. కొలిచిన రోజునే కొమ్మలు ఎంత దూరం వచ్చాయో, గోడకు పగుళ్లేమైనా ఉన్నాయో తేదీ కనిపించేలా ఫోటోలు తీసి దాచుకోండి.

అది ఏ మొక్కో గుర్తుపట్టడం కూడా అంతే ముఖ్యం. గోరింట, డురాంటా, కాగితపు పూలు ముదురు కొమ్మను కోసినా మళ్లీ చిగురిస్తాయి కనుక వాటిని గట్టిగానే కుదించవచ్చు. సరుగుడు, నెమలిపింఛంలా కనిపించే థుజా అలాంటివి కావు. ఆకు లేని ముదురు కలప దాకా కోస్తే అక్కడ చిగురు రాదు, కంచెలో శాశ్వతంగా కంత మిగిలిపోతుంది. గన్నేరు, పచ్చగన్నేరు నిలువెల్లా విషం. వాటి కొమ్మలను పొయ్యిలో పెట్టకూడదు, పశువులకు అందేచోట పారేయకూడదు. కాడజెముడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం కాబట్టి కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా దాన్ని ముట్టవద్దు. డురాంటా పసుపు పళ్లు చూడముచ్చటగా ఉన్నా తినదగినవి కావు, పిల్లలున్న ఇంట్లో రాలిన వాటిని ఊడ్చివేయాలి.

ఆ తరువాత మాట్లాడాలి, అదీ ఎదురుగా కూర్చుని. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టి అందరి ముందూ అడిగితే అవతలివారు మొండికేస్తారు. “బాబాయిగారూ, మీ కాగితపు పూల కొమ్మలు మా దాబా మెట్ల మీదికి వచ్చాయి, పిల్లలకు ముళ్లు గీసుకుంటున్నాయి. ఆదివారం మనిషిని పిలిపిస్తున్నాను, ఎంతవరకు కోయమంటారో మీరొకసారి వచ్చి చూపిస్తే అంతవరకే కోయిస్తాను” అన్న మాటలో ఇబ్బంది ఏమిటో ఉంది, పరిష్కారం ఉంది, చెట్టు ఆయనదన్న గౌరవమూ ఉంది. శుక్రవారం చెట్టును కోయకూడదనీ, పొద్దుగుంకాక ఆకు తుంచకూడదనీ నమ్మే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. మారేడు, రావి, మేడి, జమ్మి వంటివాటిపై కత్తి పెట్టడానికి మనసొప్పనివారూ ఉన్నారు. ఆ పట్టింపును వాదనకు పెట్టకుండా రోజు మార్చుకోవడం వల్ల మనకు పోయేదేమీ లేదు. మొక్క వేసినవారు పెద్దవారై, నిచ్చెన ఎక్కలేక కంచెను వదిలేసిన సందర్భాలే ఎక్కువ కనుక కూలి ఖర్చులో కొంత మీరే భరిస్తాననడం చాలాచోట్ల తగవును అక్కడికక్కడే తీర్చేస్తుంది.

మాటతో తేలకపోయినా మీకు కొంత హక్కు ఉంది. మన హద్దులోకి చొచ్చుకొచ్చిన కొమ్మను మన స్థలంలో నిలబడి, హద్దు గీత వరకు కోసుకోవచ్చన్నది ఇంగ్లండులో 1894లో లెమన్, వెబ్ అనేవారి మధ్య నడిచిన వ్యాజ్యంలో స్థిరపడిన సూత్రం. మన న్యాయస్థానాలూ దాదాపు ఇదే దారిలో నడుస్తూ వచ్చాయి. ఈ హక్కు గీత దగ్గరే ఆగిపోతుంది. అవతలి స్థలంలో కాలు పెట్టాలన్నా, గోడెక్కి అటువైపు వంగి కోయాలన్నా వారి అనుమతి ఉండాలి. కోసిన కొమ్మా, దానికున్న కాయా చెట్టు యజమానివే. మన వైపు వాలిన కొమ్మకు కాసినంత మాత్రాన మామిడికాయలు మనవి కావు. అలాగని కోసిన కంపనంతా గోడ మీదుగా అటు విసిరివేయడమూ తగదు, కావాలో వద్దో అడిగి, వద్దంటే మనమే తీయించాలి. ఇక మానుకు రంధ్రం చేసి ఇంగువ కూరడం, మొదట్లో యాసిడ్ పోయడం వంటివి చేసేవారు భారతీయ న్యాయ సంహితలోని 324వ సెక్షను కింద ఆస్తికి నష్టం కలిగించిన నేరం చేస్తున్నట్లే.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు కొందరు రెండు మీటర్లు దాటిన కంచెపై ఫిర్యాదు చేయవచ్చు కదా అని సలహా ఇస్తుంటారు. అది ఇంగ్లండు, వేల్స్‌లలో 2003 నాటి చట్టం ప్రకారం, వెలుతురును అడ్డుకునే సతతహరిత కంచెలకు వర్తించే నిబంధన. మన రాష్ట్రాల్లో పక్కింటివారిని దానితో నిలదీయలేము. మనకు ముఖ్యమైనది 2002 నాటి వాల్టా చట్టం. నీరు, భూమి, చెట్ల పరిరక్షణ కోసం చేసిన ఈ చట్టం ప్రకారం మినహాయింపు పొందిన కొన్ని జాతులు తప్ప, సొంత స్థలంలోని చెట్టునైనా ముందస్తు అనుమతి లేకుండా నరకకూడదు. కంచెను కత్తిరించడం వేరు, కంచె వరుసలో పెరిగి మానై నిలిచిన వేపనో కానుగనో మొదలంటా కొట్టడం వేరు. రెండోదానికి యజమాని ఒప్పుకున్నా సరే, అటవీశాఖ నుంచో పురపాలక సంఘం నుంచో అనుమతి చేతికి వచ్చాకే గొడ్డలి ఎత్తాలి.

కొమ్మలు కరెంటు తీగలను తాకుతుంటే మీరు గాని, మీరు పిలిచిన కూలీ గాని వాటిని ముట్టనే కూడదు. పచ్చి కొమ్మ గుండా, ఇనుప దోటి గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది, ఆ ఘాతం ప్రాణమే తీయవచ్చు. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, లైన్‌మన్ ఎల్.సి. (లైన్ క్లియర్ అనే అనుమతి) తీసుకుని సరఫరా నిలిపివేశాకే అక్కడ పని మొదలవ్వాలి. ఇంటిలోకి వచ్చే సర్వీసు వైరు విషయంలోనూ ఇదే జాగ్రత్త పాటించాలి.

కోతకు అనువైన కాలం తొలకరి మొదట్లో వస్తుంది. నేలలో తేమ ఉంటుంది కనుక కోసిన చోట త్వరగా చిగురు పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కోస్తే అంతదాకా నీడలో ఉన్న లోపలి కొమ్మల మీద ఎండ నేరుగా పడి బెరడు కమిలిపోతుంది. కోతకు ముందు కంచె లోపల గూళ్లున్నాయేమో ఆకులు పక్కకు తీసి చూడండి. పికిలిపిట్టలు సరిగ్గా ఇలాంటి గుబురులోనే, మనిషి ఎత్తున, చిన్న గిన్నె లాంటి గూడు కట్టుకుంటాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం గూళ్లను, గుడ్లను చెదరగొట్టడాన్ని కూడా వేటగానే పరిగణిస్తుంది. చట్టం మాట అటుంచి, పిల్లలు ఎగిరిపోయేదాకా కొద్ది వారాలు ఆగడం మనిషిగా మన బాధ్యత.

కంచెను ఒక్కసారిగా బోడి చేయవద్దు. పచ్చదనంలో మూడో వంతుకు మించకుండా తీసి, మిగిలినది మరుసటి కోతకు ఉంచితే మొక్క తట్టుకుంటుంది. కోత సమంగా వచ్చేందుకు కంచె వెంట తాడు కట్టి, అడుగు భాగం వెడల్పుగా, పైభాగం కొంచెం సన్నగా ఉండేలా కత్తిరిస్తే కింది ఆకులకూ ఎండ తగిలి కంచె మొదట్లో పలచబడదు. మణికట్టు కంటే లావైన కొమ్మను మాత్రం ఒకే కోతతో తీయకూడదు. మానుకు అడుగు దూరంలో కొమ్మ కింది వైపు నుంచి రంపంతో మూడో వంతు లోతు కోసి, ఇంకాస్త అవతల పైనుంచి కోస్తే కొమ్మ బరువుకు బెరడు మాను దాకా చీలకుండా విరిగి పడుతుంది. మిగిలిన మోడును, కొమ్మ మానుతో కలిసేచోట ఉంగరంలా ఉబ్బి కనిపించే భాగాన్ని గాయపరచకుండా, దానికి కాస్త బయటి వైపున కోయాలి. గాయాన్ని పూడ్చే కణజాలం పెరిగేది ఆ ఉబ్బు నుంచే కాబట్టి దాన్ని మానుతో సమంగా చెక్కేస్తే గాయం మానదు, అక్కడి నుంచి కుళ్లు లోపలికి పాకుతుంది. అయితే హద్దు గీత ఆ ఉబ్బుకు దూరంగా ఉంటే గీత దగ్గర మోడు మిగిలిపోతుంది. చెట్టుకు మేలైన కోత కోయాలంటే యజమాని అంగీకారం అవసరమని నేను పట్టుబట్టి చెప్పడానికి ఇదొక కారణం.

మునగ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. వానాకాలంలో మునగ మాను మీద గుంపులు గుంపులుగా చేరే గొంగళిపురుగులు గోడ దాటి వచ్చి, వాటి నూగు తగిలిన చోటల్లా దురద, దద్దుర్లు పుట్టిస్తాయి. కాగడాతో కాలిస్తే మానుకు దెబ్బ, ఇంటికి ప్రమాదం. పగటివేళ అవి మాను మీద ముద్దగా ఉన్నప్పుడు నిలువెల్లా బట్ట కప్పుకుని, పొడవాటి చీపురుతో సబ్బునీళ్ల బకెట్టులోకి రాల్చడం నయం. కాపు అయిపోయాక మునగను కురచగా కొట్టిస్తే కొత్త కొమ్మలకు బాగా కాస్తుందని పక్కింటివారికి చెప్పండి. ఇది మన సౌకర్యం కోసం చెప్పే మాటగా మాత్రమే కాకుండా వారికీ లాభమైన మాటగా చెవికెక్కుతుంది.

వేళ్ల దగ్గర తొందర పనికిరాదు. పిల్లవేళ్లను మన వైపు కోసుకున్నా నష్టం లేదు గాని, మానుకు దగ్గరగా ఉన్న లావుపాటి వేరును నరికితే ఈదురుగాలికి చెట్టు మన ఇంటి మీదికే ఒరగవచ్చు. గోడ బీటలు వారుతుంటే, సెప్టిక్ ట్యాంకులోకి వేళ్లు చొరబడుతుంటే ముందుగా ఇంజనీరుకు చూపించి ఆయన చెప్పినది రాయించుకోండి.

పక్కన ఇల్లు లేక ఖాళీ ప్లాటు ఉండి, యజమాని ఎక్కడో అమెరికాలో ఉండి, అందులో సర్కారు తుమ్మ అడవిలా పెరిగి పాములు వస్తుంటే దారి వేరు. ఆస్తి పన్ను రికార్డు ద్వారా యజమానికి నోటీసు పంపమని పురపాలక సంఘానికి లేదా పంచాయతీకి అర్జీ ఇచ్చి రశీదు తీసుకోవాలి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకునేచోట ఆ రశీదు నకలు జతచేసి ఇవ్వాలి.

ఎదుటివారు ఎంతకీ వినకపోతే, జరిగిన ఇబ్బంది, కోరుతున్న పని, గడువు స్పష్టంగా రాసి రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. బెదిరింపు మాట ఒక్కటీ ఉండకూడదు. ఆ తరువాత నేరుగా దావా వేయకుండా మండల లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించడం మేలు. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. లోక్ అదాలత్‌కు కోర్టు రుసుము ఉండదు, అక్కడ కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. చెట్టు పడి మనుషులకు హాని కలిగించేలా ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను కింద దాన్ని తొలగించమని గాని, ఊతమివ్వమని గాని ఆదేశించాలని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటును కోరవచ్చు. శాశ్వతంగా కంచెను అదుపులో ఉంచమనే ఆదేశం కావాలంటే సివిల్ కోర్టుకే వెళ్లాలి, అందుకు పట్టే కాలాన్ని ముందే లెక్క వేసుకోవాలి.

మాట కుదిరిన రోజున తెల్లకాగితం మీద నాలుగు సంగతులు రాసుకుని ఇద్దరూ సంతకం చేయండి: కంచె ఉండవలసిన ఎత్తు, ఏటా కోత జరిగే నెలలు, కూలి ఎవరెంత ఇవ్వాలి, కోసిన కంప ఎవరు తీయించాలి. ఎత్తును మాటల్లో వదిలేయకుండా ప్రహరీ మీద రెండు చివర్లా రంగుతో గుర్తు పెట్టించండి. ఇల్లు అద్దెకిచ్చినా, అమ్మినా కొత్తగా వచ్చినవారికి ఆ కాగితం నకలు ఇచ్చేలా అందులోనే ఒక వాక్యం చేర్చండి. జూన్‌లో ఒక కోత, వానలు వెనకబట్టాక మరొకటి పెట్టుకుంటే సాధారణంగా సరిపోతుంది. కోస్తా జిల్లాలవారు మాత్రం అక్టోబరు తుఫాన్లకు ముందే రెండో కోత ముగించుకోవాలి.