మొరాకో ఈ-వీసా: భారత పాస్‌పోర్టుతో దరఖాస్తు విధానం

మొరాకో చూడటానికి వెళ్లే భారతీయులు వీసా కోసం ఢిల్లీలోని రాయబార కార్యాలయం దాకా వెళ్లక్కర్లేదు. 2022లో మొదలైన ఈ-వీసాకు ఇంటి నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. చిక్కంతా పేర్ల దగ్గర, తేదీల దగ్గరే వస్తుంది.

అధికారిక సైటు చిరునామాను స్పెల్లింగుతో సహా చూసుకోండి: ఎ-సి-సి-ఇ-ఎస్, హైఫన్, ఎం-ఎ-ఆర్-ఒ-సి, డాట్ ఎం-ఎ. మొదటి మాటలో ఎస్ ఒక్కటే. గూగుల్‌లో పైన కనిపించేవాటిలో ఏజెంట్ల సైట్లు కూడా ఉంటాయి, ఫీజు మీద వాళ్ల కమీషన్ అదనం.

పాస్‌పోర్టు వివరాల పేజీ స్కాన్, తెల్లటి నేపథ్యంతో ఈమధ్య దిగిన ఫొటో, రానూపోనూ టికెట్, హోటల్ బుకింగ్ సిద్ధంగా పెట్టుకోండి. పాస్‌పోర్టుకు ఇంకా 6 నెలల గడువుంటే నిశ్చింత. పిల్లలకూ విడిగా దరఖాస్తు పెట్టాలి.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది పేరు దగ్గర. చాలామంది పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, పేరంతా గివెన్ నేమ్‌లోనే కలిసిపోయి ఉంటుంది. అలాంటప్పుడు వాడుకలో ఉన్న ఇంటిపేరును సొంతంగా చేర్చకండి. పేజీ అడుగున బాణం గుర్తులతో ఉండే రెండు వరుసల్లో పేరు ఎలా ఉందో చూసి, విమాన టికెట్‌లోనూ వీసాలోనూ దానికే కట్టుబడండి. వీసా పాస్‌పోర్టు నంబరుకు ముడిపడి ఉంటుంది కాబట్టి రెన్యువల్ చేయించాల్సి ఉంటే ముందు ఆ పని కానివ్వండి.

మామూలు వీసాకు 770 మొరాకో దిర్హమ్‌లు, 3 పని దినాలు. ఎక్స్‌ప్రెస్‌కు 1,100 దిర్హమ్‌లు, 24 గంటలు. శని, ఆదివారాలు అక్కడ సెలవు. వీసా తిరస్కరించినా ఫీజు వెనక్కి రాదు. చెల్లింపు ఆగిపోతే ముందు బ్యాంకు యాప్ తెరిచి, కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ఆన్‌లో ఉన్నాయేమో చూడండి. కొత్త కార్డుల్లో అవి ఆఫ్‌లోనే వస్తాయి.

వీసా మీద 180 రోజులని ఉంటే అన్నాళ్లూ ఉండొచ్చని కాదు. జారీ అయిన రోజు నుంచి 180 రోజుల్లోపు దేశంలో అడుగుపెట్టాలి, ఉండేది మాత్రం 30 రోజులే. పైగా సింగిల్ ఎంట్రీ. మొరాకో ఉత్తర తీరంలోని టాంజియర్ నుంచి పడవెక్కి స్పెయిన్ చూసొద్దామనుకుంటే తిరిగి రావడానికి ఈ వీసా పనికిరాదు. సియుటా, మెలీలా మ్యాపులో మొరాకో తీరం మీదే కనిపిస్తాయి గానీ అవి స్పెయిన్ నగరాలు. అక్కడికి వెళ్తే మొరాకో నుంచి బయటికి వెళ్లినట్టే లెక్క, దానికి షెంజెన్ వీసా (స్పెయిన్ సహా చాలా యూరప్ దేశాల ఉమ్మడి వీసా) కూడా కావాలి.

మెయిల్‌లో వచ్చిన వీసాను కాగితం మీద ప్రింటు తీసుకోండి. ఇక్కడ చెక్-ఇన్ కౌంటర్లోనూ అడుగుతారు, ఫోన్ చూపిస్తే చాలనుకోవద్దు. కాసాబ్లాంకాలో దిగాక ఇమిగ్రేషన్ అధికారి పాస్‌పోర్టు మీద ఒక ఎంట్రీ నంబరు వేస్తారు. ప్రతి హోటల్ ఫారంలోనూ దాన్ని రాయాలి, ఏ పేజీలో ఉందో అక్కడే చూసుకోండి.